ఒక డిక్కీ, నాలుగు సెక్షన్లు: గంజాయి కేసుల్లో శిక్షలు ఎప్పుడు కలవాలి?

గంజాయి కేసు తీర్పు వార్త ఏదైనా తీసి చూడండి. ఏ సెక్షన్ కింద ఎన్నేళ్లు, ఎంత జరిమానా అన్న లెక్క అయ్యాక చివర్లో ఒక ముక్క ఉంటుంది: ‘శిక్షలన్నీ ఏకకాలంలో అమలవుతాయి’. చదివేవాళ్లు చాలామంది అక్కడిదాకా రారు. వచ్చినా ‘పోనీలే, అన్నీ కలిపేశారు’ అనుకుని పేజీ తిప్పేస్తారు. కానీ కోర్టు కలిపింది ఏమీ లేదు. శిక్షలు పక్కపక్కన నడుస్తాయని మాత్రమే చెప్పింది. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరం ముద్దాయికి ఏళ్ల రూపంలో తెలుస్తుంది.

ఒక కేసు ఊహించుకుందాం. నర్సీపట్నం వైపు నుంచి వస్తున్న కారును హైవే మీద పోలీసులు ఆపారు. డిక్కీలో రెండేసి కిలోల ప్యాకెట్లు పదహారు, పైన బ్రౌన్ టేపు చుట్టి ఉన్నాయి. మొత్తం 32 కిలోల ఎండు గంజాయి. మధ్యవర్తుల సమక్షంలో పంచనామా అయింది. మొదటి నిందితుడు అంటే ఏ1 డ్రైవరు, ఏ2 పక్క సీట్లో కూర్చున్నవాడు, ఏ3 సరుకు పంపినవాడు, ఏ4 కారు యజమాని. చార్జిషీటులో ఎన్డీపీఎస్ చట్టం (మాదకద్రవ్యాల నిరోధక చట్టం) సెక్షన్ 8(సి) రెడ్ విత్ 20(బి)(2)(సి), ఆ తర్వాత 25, 28, 29 వరసగా పడ్డాయి. గంజాయికి 20 కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, అంటే వాణిజ్య పరిమాణం. అంటే కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్లు. జరిమానా కనీసం లక్ష, రెండు లక్షల దాకా. ఇప్పుడు ప్రశ్న: డ్రైవరు చేసింది ఒక నేరమా, నాలుగా?

ముందు సెక్షన్లనే ఒక్కొక్కటిగా విప్పుదాం. సెక్షన్ 8 నిషేధం మాత్రమే, దానికి విడిగా శిక్ష లేదు. అందుకే ‘రెడ్ విత్’ అని మరో సెక్షన్‌తో ముడిపెట్టి రాస్తారు. సెక్షన్ 20(బి)లో తయారు చేయడం, దగ్గర ఉంచుకోవడం, అమ్మడం, కొనడం, రవాణా చేయడం, రాష్ట్రాలు దాటించడం, వాడడం అన్నీ ఒకే వాక్యంలో ఉన్నాయి. కాబట్టి అదే సరుకు దగ్గర ఉంచుకున్నందుకు ఒక శిక్ష, కారులో మోసినందుకు ఇంకో శిక్ష అనడానికి కుదరదు. సరుకు చేతిలో లేకుండా ఎవరూ మోయలేరు. ఇక్కడ చట్టమే కలిపేసింది.

సెక్షన్ 28 ప్రయత్నానికి సంబంధించినది. మోయడానికి ప్రయత్నించి నిజంగానే మోసినవాడికి ప్రయత్నం కింద విడిగా శిక్ష వేయడంలో అర్థం లేదు. పూర్తయిన నేరంలో ప్రయత్నం ఇమిడిపోయింది. అయినా చార్జిషీటులో ఇది పడుతూనే ఉంటుంది, ఒకటి నిలవకపోతే ఇంకొకటి నిలుస్తుందన్న జాగ్రత్తతో. అభియోగం దశలో ఆ జాగ్రత్త తప్పు కాదు. శిక్ష దశలోనూ దాన్ని మోసుకొస్తేనే ఇబ్బంది.

సెక్షన్ 25ను మాత్రం ఆగి చదవాలి. ఇల్లు, గది, బండి ఏదైనా ‘మరొకరు’ నేరం చేయడానికి తెలిసి తెలిసి వాడుకోనిచ్చిన యజమానికి గానీ, అది ఎవరి అధీనంలో ఉందో వాళ్లకు గానీ ఆ నేరానికి ఉన్న శిక్షే పడుతుంది. ఆ ‘మరొకరు’ అన్న మాటలోనే అసలు విషయం ఉంది. కారు ఇచ్చి ఇంట్లో కూర్చున్న ఏ4ను పట్టుకోవడానికి ఈ సెక్షన్ కావాలి. తన కారులో తానే మోసుకెళ్లినవాడికి 20తో పాటు 25 కూడా తగిలిస్తే, ఒకే మనిషిని బండి ఇచ్చినవాడుగా, తీసుకున్నవాడుగా రెండుసార్లు లెక్కపెట్టినట్టే.

మిగిలింది 29, అంటే ప్రేరేపణ, కుట్ర. అసలు చిక్కు ఇక్కడే. కుట్ర పన్నడం, ఆ కుట్ర ప్రకారం నేరం చేయడం రెండూ వేర్వేరు నేరాలని మన కోర్టులు చాలాకాలంగా అంటున్నాయి. అమెరికా కోర్టులదీ అదే మాట. నలుగురు కలిసి పథకం వేయడంలో ఒంటరి నేరంలో లేని ప్రమాదం ఉందన్నది దాని వెనక వాదన. సరే. కానీ మన కేసులో ఆ కుట్ర మొత్తం ఒక్క ట్రిప్పుతో మొదలై ఆ డిక్కీలోనే ముగిసిపోయింది. ఏ3 విషయంలో 29 తప్పనిసరి. సరుకుతో దొరకని మనిషి దగ్గరికి చట్టం వెళ్లడానికి ఉన్న దారి అదే. డ్రైవరు విషయంలో మాత్రం, అతను మోసిన 32 కిలోలకు 29 అదనంగా కలిపేది ఏమిటో నాకు కనిపించదు.

ఈ ‘అదనంగా ఏమిటి’ అన్న ప్రశ్నకు పేరొచ్చింది కూడా మాదకద్రవ్యాల కేసులోనే. 1932లో అమెరికా సుప్రీం కోర్టు బ్లాక్‌బర్గర్ కేసులో తీర్పు ఇచ్చింది. నిందితుడు ఒకే కొనుగోలుదారుడికి మార్ఫిన్ అమ్మాడు. ఒక రోజు పది గ్రెయిన్లు (చిన్న తూకం కొలత), మర్నాడు ఎనిమిది. రెండో అమ్మకంలో రెండు నిబంధనలు తప్పాడు: పన్ను స్టాంపు ఉన్న అసలు ప్యాకెట్‌లో అమ్మలేదు, కొనేవాడి నుంచి రాతపూర్వకమైన ఆర్డరు తీసుకోలేదు. మొత్తం మూడు నేరాలని, ఒక్కోదానికి ఐదేళ్లు, రెండు వేల డాలర్ల చొప్పున ఒకదాని తర్వాత ఒకటి అనుభవించాలని కింది కోర్టు అంది. సుప్రీం కోర్టు దాన్ని ఖాయం చేస్తూ ఒక కొలత వాడింది: రెండు నిబంధనల్లో ప్రతిదీ, రెండోదానికి అక్కర్లేని ఒక విషయాన్ని రుజువు చేయమని అడుగుతుంటే అవి రెండు నేరాలు, లేకపోతే ఒకటే.

చూడడానికి శుభ్రంగా ఉన్న కొలత. దీని లోపం ఏమిటంటే ఇది మనిషి చేసిన పనిని చూడదు, చట్టంలోని మాటలను చూస్తుంది. స్టాంపు ఒక విషయం, ఆర్డరు కాగితం ఇంకో విషయం, కాబట్టి రెండు నేరాలు. అమ్మింది మాత్రం ఒక్క పొట్లమే. శాసనసభ ఎన్ని నిబంధనలు రాస్తే ఒకే పని అన్ని నేరాలవుతుంది. 1958లో గోర్ కేసులో ఇదే జరిగింది. ఒక్కో అమ్మకానికి మూడేసి నిబంధనల కింద శిక్షలు వేస్తే అయిదుగురు జడ్జీలు సరేనన్నారు, నలుగురు కాదన్నారు. నా ఓటు ఆ నలుగురి వైపే.

మన దగ్గర ఈ విషయంలో మూడు చోట్ల చట్టం మాట్లాడుతుంది. భాగాలుగా ఉన్న నేరంలో ఒక్కో భాగమూ నేరమే అయినా, చట్టం విడిగా చెబితే తప్ప ఒకదానికి మించి శిక్ష వేయకూడదని భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 9 అంటుంది. పాత ఐపీసీలో ఇది 71. ఒకే పని రెండు చట్టాల కింద నేరమైతే దేని కిందనైనా విచారించవచ్చు గానీ, ఒకే నేరానికి రెండుసార్లు శిక్షించకూడదని జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 26 చెబుతుంది. ఇక ఒకే విచారణలో పలు నేరాలు రుజువైతే శిక్షలు ఎలా నడవాలన్నది నేర విచారణ ప్రక్రియను చెప్పే నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 25లో ఉంది. ఇది పాత సీఆర్‌పీసీ 31 స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ మార్పును చాలామంది గమనించలేదు. పాత చట్టం కింద కోర్టు ఏమీ చెప్పకపోతే శిక్షలు ఒకదాని తర్వాత ఒకటి నడిచేవి. ఇప్పుడు నేరాల తీవ్రత చూసి ఏకకాలమా, వరసగానా అన్నది కోర్టే చెప్పి తీరాలి. పనిలో పనిగా మొత్తం శిక్షకు ఉన్న పరిమితిని పద్నాలుగేళ్ల నుంచి ఇరవై ఏళ్లకు పెంచారు.

పాత చట్టం ఉన్నప్పుడే ఈ మాట స్పష్టంగా చెప్పాలని సుప్రీం కోర్టు కింది కోర్టులకు ఒకటికి రెండుసార్లు గుర్తుచేసింది. 2019లో పంజాబ్ నుంచి వచ్చిన ఒక కేసులో మేజిస్ట్రేటు ఆ ఒక్క వాక్యం రాయడం మరిచిపోయారు. దానికోసం మనిషి ఢిల్లీ దాకా వెళ్లాల్సి వచ్చింది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన దూరానికి వద్దాం. మన ఊహా కేసులో డ్రైవరుకు 20 కింద పదేళ్లు, లక్ష. 25 కింద పదేళ్లు, లక్ష. 29 కింద పదేళ్లు, లక్ష. శిక్షలన్నీ ఏకకాలంలో. కాబట్టి పదేళ్లే కదా అనిపిస్తుంది. జరిమానా మాత్రం మూడు లక్షలు. కట్టకపోతే ఒక్కోదానికి ఏడాది చొప్పున జైలు అని తీర్పులో ఉందనుకోండి. ఆ మూడేళ్లు ఏకకాలంలో నడవవు. జరిమానా కట్టనందుకు పడే జైలు అసలు శిక్షే కాదని, అది జరిమానా రాబట్టుకోవడానికి వేసే ఒత్తిడి అని, అందుకే దాన్ని వేరే జైలుకాలంతో కలిపి నడపడం కుదరదని సుప్రీం కోర్టు 2018లో మహారాష్ట్ర కేసులో తేల్చింది. లెక్క వేస్తే పది కాదు, పదమూడు. పైగా ఎన్డీపీఎస్ చట్టం సెక్షన్ 32ఎ వల్ల మామూలు ఖైదీలకు దొరికే రిమిషన్, అంటే శిక్షాకాలంలో తగ్గింపు, వీళ్లకు లేదు. రిమాండులో గడిపిన కాలం తీసేస్తే పదేళ్లంటే పదేళ్లే.

కిలోకు ఇంత అని కూలి తీసుకుని బ్యాగు మోసేవాడు మూడు లక్షలు ఎక్కడి నుంచి తెస్తాడు? సరుకు పంపినవాడు కడతాడు, మోసినవాడు కూర్చుంటాడు. ఈ సంగతి సుప్రీం కోర్టుకు తెలియనిది కాదు. 2007లో మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన ఎన్డీపీఎస్ కేసులో, జరిమానా కట్టకపోతే మూడేళ్లు అన్నదాన్ని ఆరు నెలలకు తగ్గించింది. 2012లో గుజరాత్ కేసులోనూ మూడేళ్లను ఆరు నెలలే చేసింది. ఆ రెండు తీర్పులూ మంచివే. కానీ అవి జరిమానా జైలును తగ్గించాయి, ఒకే పనికి ఎన్ని జరిమానాలు వేయవచ్చన్న ప్రశ్న జోలికి పోలేదు.

అమెరికా సుప్రీం కోర్టు ఈ ప్రశ్నను యాభై డాలర్ల దగ్గర పట్టుకుంది. 1996 నాటి రట్లెడ్జ్ కేసులో నిందితుడు కొకైన్ ముఠా నడిపాడు. ముఠా నాయకత్వానికి ఒక యావజ్జీవం, కుట్రకు ఇంకో యావజ్జీవం పడ్డాయి, రెండూ ఏకకాలంలో. బయటికి రాలేని రెండు జీవితకాలాలు పక్కపక్కన నడిస్తే తేడా ఏముంటుంది? ప్రభుత్వ న్యాయవాదుల వాదన కూడా అదే. కానీ అప్పట్లో అక్కడ అలాంటి ప్రతి నేరానికీ యాభై డాలర్ల రుసుము విధిగా వేసేవారు. రెండు నేరాలు కాబట్టి వంద. అదనంగా పడిన ఆ యాభయ్యే రెండో శిక్ష అని జడ్జీలంతా ఏకగ్రీవంగా అన్నారు. ముఠా నడపాలంటే ఇతరులతో కలవాలి, కాబట్టి కుట్ర ఆ నేరంలోనే ఉంది. రెండో నేరనిర్ధారణే చెల్లదు. దీనికి పునాది 1985 నాటి మరో తీర్పులో ఉంది. శిక్షను ఏకకాలం చేసినంత మాత్రాన సరిపోదని, రికార్డులో మిగిలిన రెండో నేరం రేపు పెరోల్ దగ్గర, మళ్లీ కేసు పడితే శిక్ష పెంచే దగ్గర పైకి తేలుతుందని అక్కడ చెప్పారు.

యాభై డాలర్లు పెద్ద మొత్తమని అక్కడ ఎవరూ అనలేదు, అయినా కోర్టు దాన్ని శిక్షగా గుర్తించింది. మన దగ్గర ఆ స్థానంలో ఉన్నది లక్ష రూపాయలు, దాని వెనక నెలలో ఏళ్లో జైలు. ఒకే సరుకు, ఒకే మనిషి, ఒకే ప్రయాణం అయినప్పుడు న్యాయ సంహిత సెక్షన్ 9కి ఉన్న బలంతో పెద్ద సెక్షన్ కింద శిక్ష వేసి, మిగతావాటికి ‘విడిగా శిక్ష అక్కర్లేదు’ అని రాయడమే న్యాయం. ఏకకాలం అన్న మాట ఇక్కడ చాలదు.

మరి వేర్వేరు నేరాలని ఎప్పుడు అనాలి? ఒకే బ్యాగులో రెండు రకాల సరుకు దొరికిందనుకుందాం. గంజాయి సెక్షన్ 20, కొకైన్ 21, ఎండీఎంఏ అనే సింథటిక్ మత్తుమందు 22. హైదరాబాద్ పార్టీ కేసుల్లో ఈ మూడూ కలిసి కనబడడం వింతేమీ కాదు. ఒక్కోదానికి రుజువు వేరు, ల్యాబ్ రిపోర్టు వేరు, కొలత వేరు. ఎండీఎంఏకి పది గ్రాములు దాటితేనే కమర్షియల్, కొకైన్‌కి వంద గ్రాములు. వీటిని ఒకే నేరం అనడం కష్టం. నేరనిర్ధారణలు విడిగా ఉండనిచ్చి జైలుకాలాన్ని ఏకకాలం చేయడం సరైన చోటు ఇది. తోట పెంచడం, అమ్మడం కూడా అంతే. పాడేరు ఏజెన్సీలో మొక్క నాటినవాడు నెలల తర్వాత ఎండబెట్టి అమ్మితే అవి రెండు నిర్ణయాలు. చట్టం కూడా సాగును 20(ఎ)లో, మిగతాదాన్ని 20(బి)లో పెట్టింది.

వేర్వేరు ఎఫ్‌ఐఆర్‌ల దగ్గరికి వస్తే గొడవ ముదురుతుంది. ఏ3 పంపిన కారు ఒకటి అనకాపల్లిలో, మరో వారానికి ఇంకోటి సూర్యాపేటలో దొరికితే? రెండు రాష్ట్రాలు, రెండు కోర్టులు, రెండు తీర్పులు. ఇవి ఒకే వ్యవహారంలో భాగమా కాదా అన్నది తేల్చడానికి మన న్యాయవాదులు తరచూ పట్టుకునే తీర్పు తెలుగు నేలదే. విజయవాడ ఆంధ్రా సిమెంట్ కంపెనీ నిధుల స్వాహా కేసులో 1963లో సుప్రీం కోర్టు చెప్పింది: సమయం దగ్గరగా ఉందా, చోటు ఒకటేనా, ఉద్దేశం ఒకటేనా, పని తెగకుండా సాగిందా అని చూడాలి. నాలుగూ ఒకేసారి ఉండాలని లేదు. అది విచారణలు కలపడం గురించిన మాటే అయినా, శిక్షల దగ్గరా అదే తూకం పనికొస్తుంది.

విడి కేసుల్లో శిక్షలకు మాత్రం సెక్షన్ వేరు. పాత సీఆర్‌పీసీలో 427, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 467. ఇక్కడ మామూలు నియమం వరసగా నడవడమే, కోర్టు ప్రత్యేకంగా చెబితేనే ఏకకాలం. 2021 డిసెంబరులో సుప్రీం కోర్టు ముందుకు వచ్చిన హెరాయిన్ కేసు దీనికి గట్టి ఉదాహరణ. ఒకే వ్యక్తికి అమృత్‌సర్ కోర్టులో పన్నెండేళ్లు, ఢిల్లీ కోర్టులో పదిహేనేళ్లు. కలిపి నడపమని అడిగాడు. కోర్టు ఒప్పుకోలేదు. రెండు కారణాలు చెప్పింది: లావాదేవీలు వేరు, పైగా మాదకద్రవ్యాల నేరగాళ్లపై కనికరం కూడదు. మొదటి కారణం చాలు. రెండోది నన్ను ఒప్పించలేదు. ఈ నేరాల తీవ్రతను పార్లమెంటు పదేళ్ల కనీస శిక్షలోనే లెక్కగట్టింది, రిమిషన్ తీసేసి ఇంకోసారి లెక్కగట్టింది. శిక్షలు పేర్చేటప్పుడు మూడోసారి లెక్కగట్టడం దేనికి?

సరిగ్గా ఏడాదికి, 2022 డిసెంబరులో, అదే కోర్టు ఉత్తరప్రదేశ్ కరెంటు సామాగ్రి దొంగతనాల కేసులో మరోలా స్పందించింది. తొమ్మిది కేసులు, ఒక్కోదానికి రెండేళ్లు, మొత్తం పద్దెనిమిది అయ్యేసరికి, ఏకకాలం చేసి మనిషిని బయటికి పంపింది. నేరాలు వేరే రకమే. కానీ చిన్నవి తొమ్మిది కలిస్తే పెద్ద నేరానికి మించిన శిక్ష కాకూడదన్న ఇంగితం గంజాయి కేసులకూ వర్తిస్తుంది, ముఖ్యంగా కమర్షియల్ కాని చిన్న కేసులు అయిదారు ఉన్నవాళ్లకు.

ఇంతా చెప్పాక ఒక హెచ్చరిక. కలపడం ఎప్పుడూ ముద్దాయికి లాభం కాదు. కారులో 12 కిలోలు, అదే రోజు ఇంట్లో 10 కిలోలు దొరికాయనుకోండి. విడివిడిగా రెండూ మధ్యస్థ పరిమాణమే. గరిష్ఠం పదేళ్లు, కనీసం అంటూ ఏమీ లేదు, బెయిలుకు కూడా వీలుంది. ‘ఒకే కుట్ర, ఒకే సరుకు’ అని ప్రాసిక్యూషన్ కలిపి తూకం వేయించగలిగితే 22 కిలోలు, కమర్షియల్. కనీసం పదేళ్లు, సెక్షన్ 37 కింద బెయిలు దాదాపు మూసుకుపోయినట్టే. అలాంటి కేసులో రెండూ వేరువేరని వాదించేది డిఫెన్స్ లాయరే. అమెరికా ఫెడరల్ శిక్షా మార్గదర్శకాలు కూడా మాదకద్రవ్యాల అభియోగాలను ఒక గుంపుగా చేసి మొత్తం బరువును బట్టే శిక్ష లెక్కిస్తాయి. అక్కడ గుంపు చేయడం దయ కాదు, లెక్క. అందుకే ‘కలపండి’ అని అడిగే ముందు దేన్ని కలపమంటున్నామో తేల్చుకోవాలి: సెక్షన్లనా, శిక్షల కాలాన్నా, బరువునా.

అడగడానికి సమయం కూడా ముఖ్యం. కింది కోర్టులో, అప్పీలులో ఈ ఊసే ఎత్తకుండా, అంతా అయిపోయాక హైకోర్టు ప్రత్యేక అధికారాల కింద శిక్షలను ఏకకాలం చేయమన్న పిటిషన్‌ను 2007లో ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీం కోర్టు తోసిపుచ్చింది. 2022 నాటి కేసు లాంటి మినహాయింపులు ఉన్నాయి గానీ వాటిని నమ్ముకుని కూర్చోలేం. నేరం రుజువైందని చెప్పాక శిక్షపై ముద్దాయి మాట వినాలని చట్టంలో ఉంది. సెషన్స్ కోర్టుల్లో అది చాలాసార్లు రెండు నిమిషాల్లో ముగుస్తుంది: ముసలి తల్లిదండ్రులున్నారు, చిన్నపిల్లలున్నారు, దయచూపండి. కనీస శిక్ష పదేళ్లున్న కేసులో ఆ మాటలతో పదికి దిగువకు వచ్చే దారి లేదు. ఎన్డీపీఎస్ సెక్షన్ 25 ఈ ముద్దాయికి ఎలా వర్తిస్తుంది, 29 కింద రెండో జరిమానా ఎందుకు, కట్టకపోతే ఎన్ని నెలలు అని అడగాల్సింది ఆ రెండు నిమిషాల్లోనే.